పరామర్శకు వెళ్ళాం... ఏమిచ్చి వచ్చాం?

మా వీధిలో ప్రతి శుక్రవారం అసర్ నమాజు తర్వాత మహిళల ఇజ్తిమా జరుగుతుంది. అందరికంటే ముందుగా వచ్చి చాపలు పరిచే ఓ సోదరి ఉన్నట్టుండి రావడం మానేసింది. ఇంటి పనుల వల్ల తీరిక లేదేమో అనుకున్నాం. ధర్మం పట్ల శ్రద్ధ తగ్గిందేమో అని కూడా ఒకరిద్దరం అనుకున్నాం. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని మాకు తెలిసేసరికి మూడు నెలలు గడిచిపోయాయి.

తర్వాత ఆమే చెప్పింది. రమజాన్ నెలలో గుస్ల్ చేస్తున్నప్పుడు చేతికి చిన్న గడ్డ తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకుందట. బక్రీద్ వెళ్ళిపోయే వరకు భర్తకు కూడా చెప్పలేదట. కారణం? పెద్దమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నారు. 'తల్లికి క్యాన్సర్' అన్న మాట బయటికి పొక్కితే ఆ నిస్బత్ తప్పిపోతుందని భయం. అంటే ఆ రెండు నెలలు ఆమె భయపడింది వ్యాధికి కాదు, మనకు!

విషయం తెలియగానే ఎనిమిది మందిమి కలిసి పండ్లు పట్టుకుని పరామర్శకు వెళ్ళాం. చిన్న గది నిండిపోయింది. ఒకరు తమ బంధువు ఇదే వ్యాధితో ఎలా మరణించిందో వివరించారు. ఇంకొకరు 'కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందట' అన్నారు. మరొకరు ఏ పాపానికి ఈ పరీక్షో అన్నట్లు నిట్టూర్చారు. మర్నాడు ఆమె మాలో ఒకరితో ఇలా అంది: "ఆపా, మీరంతా వచ్చారు, సంతోషం. కానీ మందు ఎక్కించుకుని వచ్చాక మూడు రోజులు వంటగది వాసన కూడా నాకు పడదు. ఆ మూడు రోజులు పిల్లలకు ఇంత అన్నం పంపగలరా?"

ఆ మాటకు మేము సిగ్గుపడ్డాం. ఆ సిగ్గులోంచి నేర్చుకున్న విషయాలనే ఇక్కడ మీతో పంచుకుంటున్నాం.

పరామర్శ రోగి హక్కు

రోగిని పరామర్శించడం మనం చేసే ఉపకారం కాదు. ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కుల్లో దాన్ని దైవప్రవక్త (సఅసం) చేర్చారు. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి నిలదీస్తాడనీ, ఫలానా దాసుడు జబ్బుపడితే నువ్వు వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే అతని దగ్గరే నన్ను పొందేవాడివి అంటాడనీ భావం వచ్చే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దాని గురించి ఆలోచించే కొద్దీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. రోగి మంచం అంత గొప్ప చోటు!

మహాప్రవక్త (సఅసం) పరామర్శకు వెళ్ళినవారిలో స్త్రీలు కూడా ఉన్నారు. ఉమ్ముల్ అలా (రజి) అనారోగ్యంగా ఉన్నప్పుడు ఆయన వెళ్ళి, వ్యాధి వల్ల విశ్వాసి పాపాలు రాలిపోతాయని శుభవార్త వినిపించి ఓదార్చారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. బాధ పాపాలను కడుగుతుందని చెప్పడం ఓదార్పు. పాపం చేసినందుకే ఈ బాధ వచ్చిందనడం నింద. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) దైవప్రవక్త అయివుండి కూడా దీర్ఘవ్యాధితో పరీక్షించబడ్డారు. మరి ఒక రోగిని చూసి ఆమె పాపాలను లెక్కించే అధికారం మనకెవరిచ్చారు?

పరామర్శలో మేము పాటిస్తున్న పద్ధతి ఇది. ఇద్దరికి మించి వెళ్ళం. ముందుగా కబురు పెడతాం. కాసేపే కూర్చుంటాం. చావు కబుర్లు చెప్పం. ఆమె అడగకుండా వైద్య సలహా ఇవ్వం. స్వస్థత కోసం దుఆ చేసి, లేచే ముందు 'ఈ వారం ఏ పని మాకు అప్పగిస్తావు?' అని అడుగుతాం.

వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

'అల్లాహ్ రాసింది తప్పదు కదా, ఆసుపత్రి ఎందుకు?' అనేవారు నేటికీ ఉన్నారు. వైద్యం చేయించుకోవాలా అని ఎడారివాసులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (సఅసం) బోధించారు. వ్యాధిని దించినవాడే దానికి ఔషధాన్నీ దించాడని తెలిపారు. కాబట్టి దుఆ చేయాలి, మందూ తీసుకోవాలి. తాయెత్తుల కోసం, నాటు లేపనాల కోసం తిరుగుతూ నెలలు పోగొట్టుకోవడం తవక్కుల్ కాదు. అది ప్రాణమనే అమానతు పట్ల అశ్రద్ధ.

పరదా కారణంగా పరీక్షకు వెనకాడే సోదరీమణులు ఎందరో ఉన్నారు. లేడీ డాక్టర్ ఉంటే ఆమె దగ్గరకే వెళ్ళాలి. ఎవరూ దొరకనప్పుడు, అవసరమైన మేరకు పురుష వైద్యుడు పరీక్షించడం ధర్మసమ్మతమేనని పండితులు చెప్పారు. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) వంటి సహాబియాత్ యుద్ధరంగంలో క్షతగాత్రులకు నీళ్ళు తాగించి, చికిత్స చేశారు. హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు, దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా మహాప్రవక్త (సఅసం) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు. గాయపడినవారికి సేవలందించిన రుఫైదా (రజి) పేరును చరిత్రకారులు ఈ సందర్భంలోనే ప్రస్తావించారు. అంటే ఆనాడు మస్జిదు ప్రాంగణమే రోగికి ఆశ్రయమైంది. ఈనాడు మన మస్జిదుల్లో ఈ వ్యాధుల గురించి ఒక్క ప్రసంగమైనా జరుగుతోందా?

తెలుసుకోవలసిన నిజాలు

మన దేశంలో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ మొదటి స్థానంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండో స్థానంలో ఉన్నాయి. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో రొమ్ము క్యాన్సర్ సుమారు 1.92 లక్షల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సుమారు 1.27 లక్షల మందికి వచ్చాయి.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే పళ్ళెంలో తిన్నా, కౌగిలించుకున్నా, బట్టలు కలిపి ఉతికినా రాదు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. కనుక తల్లికి వచ్చిందని కూతురి సంబంధం వదులుకోవడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా. డాక్టర్ చేసే ముక్క పరీక్షతో వ్యాధి పాకుతుందన్నది కూడా అపోహే.

రొమ్ములో గడ్డ, చర్మం గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ నొప్పి లేదని నిర్లక్ష్యం చేయరాదు, ఎందుకంటే మొదట్లో క్యాన్సర్ గడ్డ తరచు నొప్పి పెట్టదు. నెలసరి మధ్యలోగాని, ముట్లుడిగిన తర్వాతగాని, దాంపత్యం అనంతరంగాని రక్తం కనిపిస్తే గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకోవాలి.

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలే కావాలని లేదు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలైన ఒక అధ్యయనంలో సుమారు లక్షన్నర మంది మహిళలు పాల్గొన్నారు. శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు గర్భాశయ ముఖద్వారంపై పలుచటి వెనిగర్ ద్రావణం పూసి, రంగు మారిన చోటును గుర్తించేవారు. ఈ పద్ధతి వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడైంది. ఆ కార్యకర్తలు పెద్ద డాక్టర్లు కారు, ఇంటింటికీ వెళ్ళి ఒప్పించిన స్త్రీలు. ఆ పని మన సోదరీమణులు చేయలేరా? 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఈ పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది. మీ ప్రాంత ఆశా కార్యకర్తను అడిగి, పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన వైరస్‌ను అడ్డుకునే టీకా కూడా ఉంది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయించడం అన్నిటికంటే మేలు.

భర్త బాధ్యత

బద్ర్ యుద్ధం ఇస్లాం చరిత్రలో ఎంత కీలకమైనదో మనకు తెలుసు. ఆ సమయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య, దైవప్రవక్త (సఅసం) కుమార్తె అయిన రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. మహాప్రవక్త (సఅసం) ఆయన్ని యుద్ధానికి తీసుకుపోలేదు. భార్య దగ్గరే ఉండమన్నారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యాన్నీ, వాటానూ ఆయనకు ప్రకటించారు. జబ్బుపడిన భార్య పక్కన కూర్చోవడం ఎంతటి ఆరాధనో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? రొమ్ము తీసేశారనో, జుట్టు రాలిపోయిందనో భార్యను పుట్టింట వదిలేసే పురుషులు ఈ సంఘటనను మళ్ళీ మళ్ళీ చదవాలి.

సమాజం చేయగలిగింది

కేరళలోని కోళికోడ్‌లో 1993లో నొప్పి నివారణ, ఉపశమన సేవల కోసం ఒక సంఘం ఏర్పడింది. తర్వాత ఆ సేవ మలప్పురం తదితర జిల్లాల్లో ఊరూరా విస్తరించింది. శిక్షణ పొందిన స్థానికులు, నర్సులు కలిసి మంచం పట్టిన రోగుల ఇళ్ళకు వెళతారు. ఖర్చులో చాలా భాగం సామాన్యులు ఇచ్చే చిన్న చిన్న విరాళాలే. ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురంలో మన సోదరులు కూడా ఇరుగుపొరుగుతో కలిసి ఈ పని చేస్తున్నారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్నొక విధానంగా స్వీకరించింది. నయం కాని దశలో నొప్పి తగ్గించే మందులు వాడటం ఓటమి కాదు. ఆ బాధలో నమాజుపై మనసు నిలవాలన్నా, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా ఉపశమనం అవసరం.

మన దగ్గర కూడా దారులున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్స ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అయితే బస్సు చార్జీలు, తోడు వచ్చేవారి తిండి, పోయిన కూలి ఏ కార్డులోనూ రావు. పేద రోగికి జకాత్ ఇవ్వడం ధర్మమే. అక్కడే మన జకాత్, సదఖా అందాలి, అదీ గుట్టుగా అందాలి.

ఇంకో సేవ, ఆమె ఆరాధనను తేలిక చేయడం. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. నీళ్ళు హాని చేస్తాయంటే తయమ్ముమ్ ఉంది. తప్పిన ఉపవాసాలు కోలుకున్నాక పాటించవచ్చు. కోలుకునే ఆశ లేనివారు ఫిద్యా ఇస్తారు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకోవడానికి రోగి సిగ్గుపడనక్కరలేదు. పొరుగింటి ముస్లిమేతర సోదరి జబ్బుపడినా మన బాధ్యత తగ్గదు. తనకు సేవచేసిన యూద బాలుడు జబ్బుపడితే స్వయంగా వెళ్ళి చూసిన ప్రవక్త (సఅసం) అనుచరులం మనం.

మా వీధిలో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. అందులో మూడు వారాలకోసారి ఎవరు అన్నం పంపాలి, ఎవరు తోడు వెళ్ళాలి, ఎవరు పిల్లల్ని బడికి దింపాలి అని రాసుకుంటాం. ఆ సోదరి చికిత్స పూర్తయింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళివస్తూనే ఉంది. ఇజ్తిమాకు మళ్ళీ వస్తోంది. మొన్న మరో వీధిలో ఒకామె గడ్డ సంగతి దాచి ఏడుస్తోందని తెలిస్తే, అందరికంటే ముందు బయల్దేరింది ఆమే. ఆ నోటుపుస్తకం మీ వీధిలో ఉందా? లేకపోతే ఈ శుక్రవారమే మొదలుపెట్టండి.

అల్లాహ్ రోగులకు సంపూర్ణ స్వస్థతను, వారి కుటుంబాలకు సహనాన్ని, మనకు వారి హక్కు నెరవేర్చే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.