సేవ చేయబోయినవాడు అతిథియగుట

పాఠ్యభాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 1 నుండి 9 వచనములు



మన ప్రభువు డెబ్బదిమందిని ఊరూరికి పంపినప్పుడు వారికి ఏమి యిచ్చి పంపెనని వెదకినయెడల, ఇచ్చినదానికంటె వద్దన్నదే ఎక్కువగా కనబడుచున్నది. డబ్బుసంచి వద్దు, చెప్పులు వద్దు, ఇల్లిల్లు తిరుగవద్దు. చేర్చుకొనిన యింటనే యుండి, వారు పెట్టినది తినవలెను. రోగులను బాగుచేయుడను ఆజ్ఞ ఆ తరువాతనే వచ్చుచున్నది. మొదట ఆ యింటి పీటమీద కూర్చుండుట, పిమ్మట పరిచర్య. ఈ వరుసను మనము ఎన్నో సారులు చదివియు గమనింపక పోవుచున్నాము. ఈ నెల దీనిని ఒక దూరదేశపు సంగతితో కలిపి ధ్యానింతము.

మధ్య అమెరికాలో గ్వాటెమాలా అను కొండల దేశమున్నది. అందులో అంటిగ్వా అను పాత పట్టణము కలదు. అది ఒకప్పుడు రాజధాని. 1773లో వచ్చిన గొప్ప భూకంపమువలన పాడైనందున రాజధానిని వేరొకచోటికి మార్చిరి. కూలిన గుడిగోడలు నేటికిని అచ్చట నిలిచియున్నవి. చుట్టును అగ్నిపర్వతములు కలవు. ఇప్పుడా పట్టణము స్పానిష్ భాష నేర్పు బడులకు పేరుపొందినది. జీతము లేక సేవచేయ గోరి పరదేశములనుండి వచ్చు యౌవనస్థులలో అనేకులు మొదట అచ్చట చదువుకొందురు. ఉదయమున సుమారు నాలుగు గంటలు చిన్న బల్లకు ఈవల విద్యార్థి ఒక్కడు, ఆవల ఉపాధ్యాయురాలు ఒక్కతె. మధ్యాహ్నమున బడిలోనో, వైద్యశాలలోనో, తోటలోనో సహాయము. రాత్రి ఆ యూరి కుటుంబములో బస, భోజనము.

తన దేశములో పట్టా పుచ్చుకొనినవాడు ఇచ్చట నీళ్లడుగుటకు తడబడును. ఆ భాషలో ఆకలిని ‘ఆంబ్రె’ అందురు, పురుషుని ‘ఓంబ్రె’ అందురు. ఆకలిగా నున్నదని చెప్పబోయి నోరు జారినవాడు, నాకు ఒక మగడున్నాడని చెప్పినవాడగును. ఇంటిల్లిపాది నవ్వుదురు. అయిదేండ్ల పిల్ల అతని మాట దిద్దును. ఆ నవ్వుకు కోపపడనివాడే నేర్చుకొనును. నేను నోటిమాంద్యము గలవాడనని మోషే వెనుదీసిన సంగతి మనమెరుగుదుము. దేవుడు అతని నత్తిని సాకుగా అంగీకరింపలేదు.

మన తెలుగువారికి ఆ భాషలో ఒక చిన్న సౌలభ్యమున్నది. మనము ‘నాకు ఇష్టము’ అన్నట్లే వారును ‘మె గుస్తా’ అందురు. అందు ఇష్టపడు మనుష్యుడు కర్త కాడు. నచ్చిన వస్తువే కర్త. మనకు ‘మీరు’, ‘నీవు’ ఉన్నట్లే వారికిని మర్యాదకు ‘ఉస్తెద్’, చనువుకు ‘వోస్’ కలవు. పెద్దలయెదుట ఏ మాట వాడవలెనో పుస్తకముకంటె ఆ యింటి తల్లియే బాగుగా నేర్పును.

ఆమె వంటయిల్లు చూడుడి. మొక్కజొన్నలను సున్నపునీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి, ఆ ముద్దను అరచేతులతో తట్టి, పెనముమీద కాల్చెదరు. అవే తోర్తియలు. జొన్నరొట్టె తట్టు మన తల్లులకు ఆ చప్పుడు క్రొత్తది కాదు. దానితో నల్లచిక్కుడు గింజల కూర. తిని లేచువాడు ‘గ్రాసియాస్’, అనగా వందనములు, అని చెప్పును. తక్కినవారు ‘బ్వేన్ ప్రొవేచొ’, అనగా తిన్నది ఒంటికి పట్టునుగాక, అని దీవింతురు. చెప్పకుండ లేచిపోవుట మర్యాద కాదు. అతిథి ఆమెకు బసకును భోజనమునకును సొమ్ము చెల్లించుమాట నిజమే. అందులో సిగ్గేమియు లేదు. పనివాడు జీతమునకు పాత్రుడని ప్రభువు ఈ అధ్యాయములోనే సెలవిచ్చెను. ఇచ్చట పనివాడు పరిచర్యకు వచ్చిన అతిథి కాదు, పొయ్యియొద్ద నిలిచిన ఆ తల్లి.

ఇదంతయు ఏల చెప్పుచున్నామనగా, ఈ పాఠము నేర్వక చేయబడు సేవ కీడు కలిగింపగలదు. తాపీ పట్టుట యెరుగని పరదేశి రెండు వారములు గోడ కట్టును. ఆ యూరి మేస్త్రి పనిలేక చూచుచుండును. తల్లిదండ్రులకు దూరముగానున్న పిల్లల ఆశ్రమమునకు ఒకడు పోయి, ఎత్తుకొని ముద్దాడి, చిత్రములు తీసికొని, నెల తిరుగకముందే వెళ్లిపోవును. ఆ బిడ్డ మరల ఒకరిని పోగొట్టుకొనును. తరువాత మరియొకడు వచ్చును. ఇచ్చినవాడు తృప్తితో ఇల్లు చేరును గాని, ఆ బిడ్డ గాయము ఎవరు లెక్కింతురు? మీకేమి కావలెనని వారి మాటలతో అడుగనేరనివాడు, తనకు తోచినదే వారికి అక్కరయని తలంచును.

మరియొక లోతుకూడ కలదు. గ్వాటెమాలాలో స్పానిష్ అందరికి తల్లిభాష కాదు. 1524లో దండెత్తి వచ్చినవారి భాష అది. మాయా జాతులవారి భాషలు ఇరువదికి పైగా అచ్చట నేటికిని మాటలాడబడుచున్నవి. 1917లో కామెరన్ టౌన్‌సెండ్ అను అమెరికా యువకుడు స్పానిష్ బైబిళ్లు అమ్ముటకు అచ్చటికి పోయెను. కక్చికెల్ జాతివారిలో అనేకులకు ఆ భాష తెలియదని కనుగొని, అమ్మకము ఆపి, వారి భాష నేర్చుకొనుటకు కూర్చుండెను. వారి తోడ్పాటుతో కక్చికెల్ క్రొత్తనిబంధన 1931లో వెలువడెను. అంటిగ్వా చుట్టుపట్ల పల్లెలలో ఆ భాషయే పెద్దల భాష. స్పానిష్ నేర్చి తనకంతయు వచ్చెననుకొను పరిచారకుడు అచ్చటి అవ్వకు ‘మల్త్యోష్’ అని వందనము చెప్పుటకూడ నేర్చుకొనవలెను.

ఇది మనకు పరాయి సంగతి కాదు. 1805లో క్రాన్, డెగ్రాంజి అను ఇద్దరు దొరలు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను తెలుగువాని తోడ్పాటుతో సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. నేర్పుటకు వచ్చినవారు మన భాషకు విద్యార్థులైరి. వారు అట్లు వంగనియెడల వాక్యము మన చెవికి పరాయి మాటగానే యుండెడిది.

కాబట్టి, ప్రియులారా, మన యౌవనస్థులు గిరిజన గ్రామములకు గాని, పొరుగు రాష్ట్రమునకు గాని, సముద్రము దాటి గాని సేవకు పోవునప్పుడు వారి చేతికి కరపత్రముల కట్ట ఇచ్చుటకుముందు, వినుటకు ఓర్పు గలదా అని అడుగుదము. మన ఊరికి అతిథి వచ్చినప్పుడు, అతని తప్పు మాటకు నవ్వినను, ప్రేమతో దిద్దుదము. మెలితే ద్వీపవాసులు ఓడపగిలి తడిసివచ్చిన పౌలునకు నిప్పు రాజవేసి ఉపకారము చేసిరి. అపొస్తలుడును మొదట ఆ మంట కాచుకొనెను. పొప్లి తండ్రిని స్వస్థపరచుట తరువాతి మాట.

ఆలోచించుటకు:
1. ఇచ్చుట సులభమా, పుచ్చుకొనుట సులభమా? ఎందుచేత?
2. మన సంఘములో ఎవరి భాషను, ఎవరి కష్టమును మనమింకను నేర్చుకొనలేదు?
3. మనము బీదయింట పెట్టినది తిని ఎంతకాలమాయెను?

ప్రార్థన: ప్రభువా, సమరయ స్త్రీని దాహమడిగిన నీవు, మాకును అడుగు దీనత్వము దయచేయుము. మా నాలుకకంటె ముందు మా చెవులను తెరువుము. ఆమేన్.