ఎద్దు మూపురాన్ని ఎలా గీస్తాం?

బస్తర్‌లో ఉన్న మనకు ఈ పాఠం దగ్గరలోనే దొరుకుతుంది. దంతెవాడ జిల్లాలో కిరందుల్, బచేలి పక్కన ఉన్న కొండల పేరు బైలాడిలా. ఎద్దు మూపురంలా ఉంటాయి కాబట్టి ఆ పేరు. అక్కడి ఇనుప ఖనిజాన్ని తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజం కొత్తవలస లైను మీద విశాఖపట్నం దాకా పోతుంది.

తవ్వే ముందు కొండలో ఎంత రాయి ఉందో లెక్క కావాలి. చేతిలో ఉండేది మాత్రం చదునైన పటం. సాంఘికశాస్త్రంలో చదివిన సమోన్నత రేఖలు గుర్తున్నాయా? ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. పటంలో అవన్నీ ఒకే కాగితం మీద పడుకుని ఉంటాయి. కంప్యూటర్‌లో వాటిని లేపి నిలబెట్టాలి.

ఇందుకు ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ చాలు. ముందు స్కెచ్‌లో గీత గీస్తాం. అది 2డీ. మొదలూ చివరా కలవాలి, లేకపోతే ఘనాకారం రాదు. తర్వాత ప్యాడ్ నొక్కి ఎత్తు ఇస్తే పలక లేస్తుంది. అది 3డీ. ఒక పలక మీద ఇంకొకటి పేర్చితే మెట్ల కొండ తయారు.

చిక్కు ఇక్కడే ఉంది. కింది గీత లోపలి వైశాల్యం 5,000 చదరపు మీటర్లు, పై గీతది 3,000, మధ్య ఎత్తు 20 మీటర్లు అనుకుందాం. కింది గీతనే పైకి లాగితే 1,00,000 ఘనపు మీటర్లు వస్తుంది. కానీ అసలు కొండ వాలుగా ఉంటుంది, నిలువుగా కాదు. రెండు వైశాల్యాల సగటు తీసుకుంటే 80,000. అంటే లేని రాయిని 20,000 ఘనపు మీటర్లు ఎక్కువ లెక్కించామన్నమాట! అన్ని లారీలు, రైలు పెట్టెలు ఖాళీగా నిలబడతాయి. అందుకే రెండు గీతలను లాఫ్ట్‌తో వాలుగా కలుపుతాం. గీతలు ఒకే పోలికలో ఉంటే సుమారు 79,000 వస్తుంది.

గనిలో పనిచేసేవాళ్లకు మళ్లీ కాగితమే కావాలి. టెక్‌డ్రా అనే భాగం 3డీ నుంచి ముందు, పై, పక్క చూపులు తీసి ఇస్తుంది. మన దేశ పద్ధతిలో పై చూపును ముందు చూపు కింద వేస్తారు. మోడల్ మారితే తెర మీది చిత్రం కూడా మారుతుంది. అచ్చేసిన కాగితం మారదు కదా! అందుకే మూలన తేదీ, సవరణ సంఖ్య రాస్తారు, బదిలీ అయినప్పుడు మన ఇళ్లలో సామాన్ల పెట్టెల మీద నంబర్లు వేసినట్టు. పాత కాగితం పట్టుకుని ఎవరైనా మెట్టు తవ్వితే వాలు నిటారై, పైనున్న మట్టి కింద పనిచేసేవాళ్ల మీద జారవచ్చు.

కంప్యూటర్ గది ఖాళీ లేకపోతే అట్టముక్కలతో మొదలుపెట్టండి. ఒక్కో గీతకు ఒక్కో అట్ట కత్తిరించి అంటిస్తే చాలు.