మేడమీది బడి

కోల్‌కతా నగరమున సియాల్దా రైలు స్టేషను మిక్కిలి సందడి గలది. తెల్లవారక ముందే దక్షిణ బెంగాలు పల్లెలనుండి వచ్చు బండ్లు కూరగాయల గంపలను, చేపల బుట్టలను, పట్టణపు ఇండ్లలో పాచిపని చేసి బ్రతుకు స్త్రీలను ఇచ్చట దింపును. 1947లో దేశవిభజన జరిగిన పిమ్మట తూర్పు బెంగాలునుండి తరలివచ్చిన శరణార్థులు నెలల తరబడి ఈ స్టేషను ప్లాటుఫారములపైననే కాపురముండిరి. నేటికిని తల దాచుకొనుటకు చోటు లేనివారికి ఆ పరిసరములే దిక్కు. ఈ స్టేషనునకు కొలదిదూరమున, ఆచార్య జగదీశ చంద్ర బోసు రోడ్డుమీద, ఒక బాలికల పాఠశాల కలదు. దాని పేరు లొరెటో డే స్కూలు.

ఈ పాఠశాల 1857లో స్థాపింపబడినది. సిపాయిల తిరుగుబాటు చెలరేగినదియు, కలకత్తా విశ్వవిద్యాలయము వెలసినదియు ఆ యేడే. సియాల్దాకు అప్పటికి రైలు లేదు. దీనిని స్థాపించినవారు లొరెటో సన్యాసినులను కాథలిక్కు సంఘమువారు. ఆ సంఘమునకు మూలము మేరీ వార్డు అను ఆంగ్లవనిత. సన్యసించిన స్త్రీ మఠము గోడ దాటరాదను నియమము గల కాలమది. ఆమె ఆ నియమమును ఒప్పుకొనక, స్త్రీలు ఊరిలోనికి వచ్చి ఆడపిల్లలకు చదువు చెప్పవలెనని తలచి 1609లో ఒక సమాజమును నెలకొల్పెను. ఇందులకు ఆమె పడిన పాట్లు సామాన్యములు కావు. 1631లో పోపు ఆ సమాజమును రద్దు చేసెను. ఆమెను కొన్ని వారములు ఒక మఠమున నిర్బంధించిరి కూడ. అయినను ఆ తలపు నశింపలేదు. రెండు శతాబ్దముల తరువాత తెరెసా బాల్ అను ఐరిష్ సన్యాసిని డబ్లిన్ నగరము చెంత దానికొక శాఖను స్థాపింపగా, అచ్చటి సన్యాసినులు కొందరు నాలుగు నెలలు ఓడలో ప్రయాణము చేసి 1841 డిసెంబరులో కలకత్తా చేరిరి. మరుసటి సంవత్సరమే వారి మొదటి పాఠశాల ఆరంభమయ్యెను. తరువాతి కాలమున లోకప్రసిద్ధి గాంచిన మదర్ తెరెసా కూడ మొదట ఈ సంఘమునకు చెందినదే. 1929లో భారతదేశమునకు వచ్చిన ఆమె, సియాల్దాకు దాపుననున్న ఎంటాలీలోని లొరెటోవారి బడిలో చాలకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి, 1948లో దానిని విడిచి మురికివాడలకు తరలెను.

లొరెటో పాఠశాలలకు మంచి పేరు వచ్చెను. పేరుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చెను. మంచి పేరుగల బడికి కలవారి బిడ్డలు ముందుగా చేరుదురు. వారు చేరిన కొలది లేనివారు గుమ్మమువద్దనే ఆగిపోవుదురు. ఇందులో ఎవరి దురుద్దేశమును ఉండనక్కరలేదు. రుసుము, ఉడుపులు, ఇంట పాఠము చెప్పగల తల్లిదండ్రులు, వీనిలో ఏది లేకున్నను గేటు దానంతట అదే మూతపడును. వీధిలో నడయాడు బాలిక లోపలి గంట వినును; లోపలి బాలిక వీధిని కిటికీనుండి చూచును. రెండు లోకములు ఒక గోడకు ఇరుప్రక్కల నుండును.

1979లో సిస్టర్ సిరిల్ మూనీ ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని ఆయెను. ఆమె 1936లో ఐర్లండు దేశమున జన్మించి, ఇరువదియేండ్ల వయసున భారతదేశమునకు వచ్చి, లక్నోలో జంతుశాస్త్రము చదివి డాక్టరేటు పట్టము పొందిన విదుషి. ఆమె వచ్చునప్పటికి పాఠశాలలో ఎనిమిది వందలలోపు బాలికలుండిరి. వారిలో బీదపిల్లలు నూరుగురైనను లేరు. ఆమె బీదపిల్లల సంఖ్యను ఏటేట పెంచుచు వచ్చెను. ఇరువదియేండ్లు గడచునప్పటికి ఇంచుమించు 1400 మంది విద్యార్థినులలో సగము మంది రుసుము లేకుండ చదువుకొనువారే. రుసుము చెల్లించువారి సొమ్మును, దాతల విరాళములును కలిపి ఈ భారమును మోసిరి. కలవారి పిల్లలకొక తరగతి, లేనివారికొక తరగతి అను భేదము లేదు. అందరును ఒక బల్లమీదనే కూర్చుండిరి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలల ప్రవేశపు తరగతిలో నాలుగవ వంతు స్థానములు బీదబిడ్డలకు ఇయ్యవలెనని విధించినది. అప్పటికి చాల ముందే సియాల్దా బడిలో ఆ పాలు సగమునకు చేరియుండెను.

కాని తరగతిలో చేరుటకైనను కొంత అక్షరజ్ఞానము కావలెను. వేళకు వచ్చు అలవాటు కావలెను. కాలిబాటమీద పుట్టి పెరిగి, చిత్తు కాగితములు ఏరుచు, చెల్లెండ్రను తమ్ములను చంకనెత్తుకొని తిరుగు పదియేండ్ల బాలికను ఏ తరగతిలో కూర్చుండబెట్టగలము? ఒకటవ తరగతిలో పసివారి నడుమ కూర్చుండుటకు ఆమె సిగ్గుపడును. అయిదవ తరగతి పాఠము ఆమెకు తెలియదు. బడి పది గంటలకు మొదలగునన్నచో ఆమె పని ఆ వేళకు ముగియదు. ఇట్టివారికొరకు 1985లో ‘రెయిన్‌బో’ అను పేర, అనగా ఇంద్రధనుస్సను పేర, పాఠశాల మేడమీద వేరొక బడి ఆరంభమయ్యెను.

ఈ మేడమీది బడికి హాజరు పట్టీ బెదరింపు లేదు. వీధిపిల్ల తన పని ముగించుకొని ఏ వేళనైనను మెట్లెక్కి రావచ్చును. వచ్చినవారికి తినుటకు కొంత పెట్టుదురు. చదువు చెప్పువారెవరు? క్రింది తరగతులలో చదువుచున్న బాలికలే. అయిదవ తరగతినుండి పదవ తరగతి వరకు గల విద్యార్థినులు వంతులవారీగా మేడమీదికి వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దింతురు, లెక్కలు చేయింతురు. ఏబది మందికి ఒక ఉపాధ్యాయుడు చెప్పు తరగతిలో వెనుకబడిన పిల్లను ఎవరును గమనింపకపోవచ్చును. ఇచ్చట అట్లు జరుగుటకు వీలులేదు. నేర్చుకొనుచున్నది ఒక్కతే కదా. కొన్ని నెలలలోనో, ఏడాదిలోనో ఆమె తన యీడువారి తరగతికి తగినంత నేర్చినచో, ఏదేని ఒక పాఠశాలలో చేర్పింతురు. ఇల్లు వాకిలి లేని బాలికలకు పోనుపోను ఆ మేడయే రాత్రివేళ నివాసము కూడ ఆయెను.

ఈ ఏర్పాటులోని నేర్పు ఒకటి గమనింపదగినది. పశ్చిమ బెంగాలు రాష్ట్రపు పాఠ్యక్రమములో ‘కార్యవిద్య’ అను విషయము కలదు. పెక్కు బడులలో ఆ గంటలలో కుట్టుపనియో బొమ్మల పనియో చేయింతురు. సియాల్దా బడిలో వీధిపిల్లకు చదువు చెప్పుటయే కార్యవిద్య. అది కాలపట్టికలోనే కలదు గనుక తీరిక ఉన్నప్పుడు చేయు దయ కాలేదు. గణితమువలె, చరిత్రవలె అదియు ఒక పాఠమే ఆయెను. ఇట్లు గాక, ఇష్టమున్నవారు సాయంకాలము వచ్చి చెప్పుడని విడిచిపెట్టినచో, పరీక్షలు దగ్గరపడగానే మేడ ఖాళీ అయ్యెడిది.

దీనివలన తమ బిడ్డల చదువు చెడునని గాని, వీధిపిల్లల సావాసమువలన రోగములు వచ్చునని గాని తల్లిదండ్రులు శంకించుట సహజము. ఆ శంకకు సమాధానము తరగతి గదిలోనే దొరకును. తనకు సగము తెలిసిన విషయమును ఇతరులకు చెప్పబోయిన బాలిక, తనకు తెలియనిదేదో వెంటనే కనుగొనును. భిన్నములను కంఠస్థము చేసినది వేరు. రొట్టెను ముక్కలు చేసి ఎదుటి పిల్లకు వానిని బోధపరచినది వేరు. ఇక వీధిపిల్లయు ఉత్తచేతులతో వచ్చినది కాదు. చిల్లర లెక్క, బేరము, బ్రతుకుతెరువు ఆమెకు కరతలామలకములు. వానిలో ఆమెయే గురువు.

గోడ అవతలి పని ఇంతతో ముగియలేదు. 1979నుండియే పాఠశాల బాలికలు ప్రతి గురువారము బస్సులలో పరిసర గ్రామములకు పోయి అచ్చటి బడిపిల్లలకు పాఠములు చెప్పుట ఆచారమాయెను. బస్తీలలోను, పల్లెలలోను కొలదిపాటి చదువు గల యువతీయువకులకు శిక్షణ యిచ్చి, తమ చోటనే బడులు నడపునట్లు చేసిరి. బోధనోపకరణములు కొనుటకు సొమ్ము లేనిచో గింజలు, పుల్లలు, పాత కాగితములు చాలునని నేర్పిరి. కోల్‌కతా చుట్టుపట్లనున్న ఇటుక బట్టీలకు బీహారు, జార్ఖండు ప్రాంతములనుండి కూలీలు శీతకాలమున బిడ్డలతో సహా వలస వచ్చి, వానలు పడునప్పటికి తిరిగిపోవుదురు. అటు సొంత ఊరి బడిలోను, ఇటు పట్టణపు బడిలోను వారి బిడ్డల పేరు నిలువదు. అందువలన బట్టీ చెంతనే వారికి చదువు చెప్పుట మొదలిడిరి.

అన్నిటికంటె కష్టమైన పని ఇండ్లలో జరుగునది. పరుల ఇంట అంట్లు తోముచు, పసిబిడ్డల నెత్తుకొని ఆడించు చిన్నపిల్లలు వీధిలో కనబడరు. వారిని లెక్కించుట కూడ దుర్లభము. పెద్దలు పోయి తలుపు తట్టినచో యజమానులు అనుమానింతురు. అందుచేత పాఠశాల బాలికలే తమ ఇరుగుపొరుగున అట్టి పిల్లలను గుర్తించి, వారితో చెలిమి చేసి, ఆటకు పిలిచి, మెల్లగా బడి త్రోవ చూపిరి. కొందరు బాలికలకు ఆ పిల్ల తమ ఇంటిలోనే కనబడుట కద్దు. అప్పుడు మాటలాడవలసినది తమ తల్లిదండ్రులతోనే.

1994లో యునెస్కో సంస్థ ఈ కృషికి నోమా అక్షరాస్యతా బహుమానము నిచ్చెను. 2007లో భారత ప్రభుత్వము సిస్టర్ సిరిల్‌ను పద్మశ్రీతో గౌరవించెను. ఆమె 2011లో ప్రధానోపాధ్యాయిని పదవిని విడిచి, 2023 జూన్ నెలలో కోల్‌కతాలోనే కన్నుమూసెను.

ఆ మేడమీద మొలకెత్తిన పద్ధతి ఇతర నగరములకును ప్రాకెను. హైదరాబాదులో ఆ పేరుతోనే బాలికలకు ‘రెయిన్‌బో’ గృహములు వెలసినవి. బాలుర గృహములకు ‘స్నేహ్‌ఘర్’ అని పేరు పెట్టిరి. వీనికై క్రొత్త భవనములు కట్టుటకు పూనుకొనలేదు. సాయంకాలము గంట కొట్టిన తరువాత ప్రభుత్వ పాఠశాలలలో గదులు ఖాళీగా పడియుండును కదా. అట్టి చోట్లనే దీపము వెలిగించి, చాపలు పరచి, వీధిపిల్లలకు అన్నము పెట్టి పడుకొనబెట్టిరి. తెల్లవారిన పిమ్మట ఆ పిల్లలు ముఖములు కడుగుకొని, తక్కినవారితో కలిసి తరగతులకు పోవుదురు.