వెలుగుకై వంగిన మొలక

సృష్టిలోని సమస్తాన్నీ మన పూర్వులు స్థావరాలు, జంగమాలు అని రెండు తెగలుగా విభజించారు. కదలనివి స్థావరాలు, కదిలేవి జంగమాలు. ఈ లెక్కన చెట్టుచేమలు స్థావరాలే. అయితే కిటికీ చెంత ఉంచిన పూల కుండీని కొన్ని రోజులు కదపకుండా గమనిస్తే, దానిలోని లేత కొమ్మలు వెలుతురు వైపు వాలి కనిపిస్తాయి. కుండీని వెనక్కు తిప్పి ఉంచితే అవి క్రమంగా మళ్ళీ వెలుతురు వైపే తిరుగుతాయి. మొక్క తన ఆహారాన్ని కాంతి సహాయంతోనే తయారు చేసికొంటుంది. కాంతి అందని చోట దానికి మనుగడ లేదు; అక్కడి నుండి లేచిపోవడానికి కాళ్ళూ లేవు. అందువల్ల అది తన పెరుగుదలనే నడకగా మలచుకొన్నది. ఈ గుణాన్ని శాస్త్రజ్ఞులు కాంతి అనువర్తనం అంటారు.

కన్నులు లేని మొలక వెలుగు వచ్చే దిక్కును ఎట్లా గుర్తిస్తుంది? ఈ ప్రశ్న ఇంగ్లండులో చార్లెస్ డార్విన్‌ను వృద్ధాప్యంలో ఆకర్షించింది. ఆయన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి కానరీ గడ్డి మొలకలను పరీక్షించాడు. మొలకల కొనలకు వెలుతురు సోకని టోపీలు తొడిగి, ఒక ప్రక్క నుండి కాంతిని ప్రసరింపజేస్తే అవి నిటారుగానే పెరిగాయి. గాజు టోపీలు తొడిగినప్పుడు వంగాయి. కొనను విడిచి క్రింది భాగాన్ని మాత్రమే కప్పినప్పుడూ వంగాయి. కాంతిని గ్రహించేది కొన. వంగేది దాని దిగువ భాగం. కాబట్టి పై నుండి క్రిందికి ఏదో ప్రభావం చేరుతున్నదని ఆ తండ్రీకొడుకులు 1880లో ప్రకటించారు. సమకాలికులు కొందరు దీనిని అంగీకరించలేదు. ఆ ప్రభావం ఏమిటో తెలియకుండానే డార్విన్ 1882లో కన్నుమూశాడు.

ఆ ప్రశ్న మాత్రం ఆయనతో ముగిసిపోలేదు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బాయ్‌సెన్ జెన్సెన్ మొలక కొనను కోసి, మధ్యలో జెలటిన్ పొర ఉంచి తిరిగి అతికించాడు. అయినా మొలక వంగింది. నీడ వైపున అభ్రకపు రేకు అడ్డు పెడితే వంగలేదు. అంటే ఆ సందేశం నీడ ప్రక్కగా దిగివచ్చే ఒక పదార్థమన్నమాట. హాలెండుకు చెందిన యువ పరిశోధకుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొనలను అగార్ ముక్కలపై ఉంచి, ఆ పదార్థాన్ని వాటిలోనికి దింపాడు. కొనలు తీసివేసిన మొలకలపై ఆ ముక్కలను ఒక ప్రక్కగా ఉంచితే, అవి చీకటిలో కూడా రెండవ ప్రక్కకు వంగాయి. 1928లో వెంట్ ఈ ఫలితాలను ప్రచురించాడు. ఆ పదార్థమే ఆక్సిన్.

కాండపు కొనలోని ఫోటోట్రోపిన్ అనే ప్రోటీన్లు నీలి కాంతిని గ్రహిస్తాయి. అప్పుడు ఆక్సిన్ నీడ ప్రక్కకు ఎక్కువగా చేరుతుంది. అక్కడి కణాలు అధికంగా సాగుతాయి. నీడ ప్రక్క పొడవు పెరగడం వల్లనే కాండం వెలుగు వైపు వంగుతుంది.

మన చేలలోని పొద్దుతిరుగుడుకు ఆ పేరు దాని బాల్యం వల్లనే సార్థకమయింది. లేత మొక్క పగలంతా సూర్యుని వెంట తూర్పు నుండి పడమరకు తిరిగి, రాత్రివేళ మళ్ళీ తూర్పుకు మరలుతుంది. పువ్వు విచ్చి కాండం ముదిరిన పిమ్మట తూర్పు ముఖంగానే నిలిచిపోతుంది. ఉదయపు ఎండకు త్వరగా వెచ్చబడిన పూలకు తేనెటీగలు ఎక్కువగా వస్తాయని 2016లో వెలువడిన పరిశోధన నిరూపించింది.

పెరుగుతున్నంత కాలం మొక్క కదులుతూనే ఉంటుంది. ఆ కదలికను చూడడానికి కావలసినది ఓర్పు. డెబ్బై ఏళ్ళ వయస్సులో ఒక గడ్డి మొలక ముందు కూర్చొన్న డార్విన్‌కు ఆ ఓర్పు ఉన్నది.