వైజ్ఞానిక కల్పనలలోని స్వర్గములు

పుట్టుకకు పూర్వమే మానవుని దేహమును, బుద్ధిని దిద్ది, రోగముగాని కలహముగాని లేని సమాజమును నిర్మింపవచ్చునను ఊహ వైజ్ఞానిక కల్పనాసాహిత్యమున తఱచుగ కానవచ్చును. అట్టి రాజ్యములలో కొరడా పట్టిన దొర కనబడడు. ప్రజలందఱును తృప్తులై యుందురు. మఱి యట్టిదానిని నిరంకుశమనుట న్యాయమా? పిల్లలను పెంచువారికి ఈ ప్రశ్నతో పని లేకపోలేదు గనుక, ఒకటి రెండు ప్రసిద్ధ కృతులను ముందిడుకొని విచారింతము.

1932లో ఆంగ్లరచయిత ఆల్డస్ హక్స్‌లీ ప్రకటించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవల ఇట్టివానిలో అగ్రగణ్యము. అందు శిశువులు తల్లిగర్భమున పెరుగరు; లండను నగరమందలి కర్మాగారమున సీసాలలో పెరుగుదురు. ఆల్ఫా మొదలు ఎప్సిలాన్ వఱకు అయిదు తరగతులు. క్రింది తరగతులకై ఒక్క అండమునుండియే 96 మంది కవలల వఱకు పుట్టింతురు. ఎప్సిలాన్ పిండమునకు ప్రాణవాయువును తగ్గించి యిత్తురు. మెదడు మందగించుటయే దాని ప్రయోజనము. ప్రాకులాడు డెల్టా శిశువులు పూవులను, పుస్తకములను సమీపింపగనే భయంకరధ్వనులు మ్రోగించి, విద్యుద్ఘాతము కలిగింతురు. నిద్రించు పిల్లల చెవిలో తరగతికి తగిన బోధలు మరలమరల వినిపింతురు. పెరిగిన పిదప ఎవని తరగతి వానికి ముద్దు. విచారము కలిగినచో ‘సోమా’ అను మాత్ర సిద్ధముగ నుండును. ఆ పేరు మన వేదములలోని సోమమునుండి గైకొన్నదే. డి.ఎన్.ఏ. నిర్మాణము 1953లో గాని తెలియలేదు గనుక, ఇందు జన్యువులను సవరించుట లేదు. సాధనము వేఱైనను తలంపు నేటిదే.

ఈ రాజ్యమును సమర్థించువారు చెప్పు మాట తేలికది కాదు. ఎప్సిలాన్ దుఃఖపడుట లేదు. తనకున్న దానినే కోరుకొనుచున్నాడు. హాని యెవరికి? కాని ఆ కోరికను వానిలో నాటినదెవరు? వాని శ్రమవలన లాభము పొందువారే. నాలుక కోసి, పిమ్మట ఫిర్యాదు లేదని సంతసించు ప్రభువునకును వీరికిని భేద మించుకయే. సంతోషము సుపరిపాలనకు సాక్ష్యము కావలెనన్నచో, ఆ సాక్షిని పాలకుడు తయారుచేసియుండరాదు.

ముస్తఫా మాండ్ అను అధికారి ఇందు క్రూరుడు కాడు, పండితుడు, మృదుభాషి. ఇతరులకు నిషిద్ధమైన షేక్స్‌పియర్‌ను తాను చదువుకొనును, బైబిలును తన ఇనుపపెట్టెలో దాచుకొనును. నాకు ఈ నవలయందు ఆ పెట్టెకంటె భయము గొల్పున దేదియు లేదు. అందఱును ఆల్ఫాలైనచో ఏమగునని సైప్రసు ద్వీపమున 22,000 మందిని విడిచి పరీక్షించితిమనియు, ఆఱేండ్లు నిండకమునుపే అంతర్యుద్ధము చెలరేగెననియు అతడు చెప్పును. అయితే ఆ ఆల్ఫాలును అదే కర్మాగారపు సీసాలలో పుట్టినవారే కదా! వారి పతనము స్వతంత్రులైన మానవులను గూర్చి ఏమి నిరూపించును?

ఇచట తల్లిదండ్రులకు ఒక సంశయము కలుగవచ్చును. మనమును పిల్లల నడుగకయే భాషను, ఆచారమును, మర్యాదను నేర్పుచున్నాము గదా? నిజమే. కాని మన పాఠశాలలో తెలుగు నేర్చిన బాలుడు, పొరుగువారి భాషనుకూడ నేర్చి, రేపు ఆ తెలుగుననే మనతో వాదింపగలడు. మనము నేర్పినదానిని త్రోసిపుచ్చగలడు. మనమొసగిన సాధనము మన మీదికే తిరుగగలదు. ఎప్సిలాన్‌కు అట్టి సాధనమే మిగులలేదు.

ఆండ్రూ నికోల్ దర్శకత్వమున 1997లో వెలువడిన ‘గటాకా’ చలనచిత్రమున పాలకుని చేయి అంతగా కనబడదు. తల్లిదండ్రులే ప్రేమతో వైద్యుని కడకేగి, ఉత్తమపిండమును ఎంచుకొందురు. వివక్ష చట్టవిరుద్ధము, అయినను ఉద్యోగమునకు పోయినవానిని ప్రశ్నలడుగరు, వాని దేహద్రవమును పరీక్షించి పంపుదురు. సహజముగ పుట్టిన విన్సెంట్‌కు వ్యోమనౌక నెక్కుటకై పరుని పేరు ధరింపవలసివచ్చెను. ఆ పేరిచ్చిన జెరోమ్ ప్రథముడగుటకే పుట్టింపబడి, ఈతపందెమున ద్వితీయుడై, ఆ కొఱతను భరింపలేకపోయెను. ఒక్కొక్క యింట ప్రేమతో చేసిన ఎంపికలే కూడి చట్టముకంటె కఠినములైనవి. హక్స్‌లీ కథకంటె మనకు సమీపమైనది ఇదియే యని నా యభిప్రాయము.

2018 నవంబరులో హో జియాన్‌క్వీ అను చైనా శాస్త్రజ్ఞుడు, హెచ్.ఐ.వి. సోకకుండుటకై, పిండదశయందే జన్యువును సవరింపగా కవలబాలికలు పుట్టిరని ప్రకటించెను. 2019 డిసెంబరులో అచటి న్యాయస్థానము అతనికి మూడేండ్ల కారాగారశిక్ష విధించెను. ఆ సవరణ ఆ బాలికల సంతతికిని సంక్రమింపవచ్చును. 2023లో బ్రిటనులో కొడవలికణ వ్యాధికి అనుమతింపబడిన జన్యుచికిత్స మార్గము వేఱు. అది పండ్రెండేండ్లు నిండిన రోగులకు ఉద్దేశింపబడినది. రోగి రక్తమూలకణములనే సవరించి తిరిగి యెక్కింతురు, మార్పు బిడ్డలకు సంక్రమింపదు. వలదనుటకు నోరున్న వయస్సున రోగి నడిగి చేయు చికిత్స యది.