సానెట్ వ్యాసానికి గీటురాయి

ప్రశ్న: షేక్‌స్పియర్ 18వ సానెట్ మీద విజ్ఞాన సర్వస్వానికి వ్యాసం రాశాం. నాణ్యత ఎలా తేల్చుకోవాలి?
– డిగ్రీ విద్యార్థులు, మైలవరం

జవాబు: ఈ విషయంలో మైలవరం వారికి ఆదర్శం దగ్గరలోనే ఉంది. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ సంపాదకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పుట్టింది పెనుగంచిప్రోలులోనే. 1923లో కన్నుమూసేనాటికి ఆయన సంపుటాలు ‘అ’కారం దాటలేదు. ప్రతి అంశాన్నీ అంత లోతుగా తవ్వారాయన.

ముందుగా అంకెలు సరిచూడాలి. షేక్‌స్పియర్ సానెట్ల సంపుటి అచ్చయింది 1609లో. అందులో సానెట్లు 154. ఈ సానెట్‌కు 14 పాదాలు: మూడు చతుష్పదులు, చివర ఒక ద్విపది.

తర్వాత పరిభాష. ఎక్కువ వ్యాసాలు తడబడేది ఇక్కడే. తెలుగులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. సానెట్‌లో ఉన్నది అంత్యప్రాస. ఉత్త ‘ప్రాస’ అని రాస్తే పద్యం తెలిసిన పాఠకుడు తప్పుదారి పడతాడు. అలాగే, గురజాడ ముత్యాల సరంలో 14 అనేది పాదంలోని మాత్రల లెక్క, సానెట్‌లో పాదాల లెక్క. ఈ తేడా ఒక్క వాక్యంలో చెబితే వ్యాసం తెలుగువారిదవుతుంది.

చివరగా, అభిప్రాయాన్ని వాస్తవంలా రాయకూడదు. ఈ కవిత ప్రియురాలి కోసమని చాలామంది అనుకుంటారు. మొదటి 126 సానెట్లూ ఒక యువకుణ్ణి ఉద్దేశించినవని ఎక్కువమంది పండితుల భావన. ఆ మాట ఎవరిదో చెప్పి, ఆధారం చూపాలి.