తోడు సూక్ష్మజీవి చేసే మందు

పాలు కాచి, గోరువెచ్చగా ఉండగా తోడు వేశాం. తెల్లవారి చూస్తే పెరుగు తోడుకోలేదు. తోడు మంచిదే. మరి కారణమేమిటి? పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ మందు వేసి, గడువు తీరకముందే ఆ పాలు కలిపితే ఇలా జరగవచ్చు. మందు పాలలోకి దిగి, పెరుగు చేసే సూక్ష్మజీవులను అణచివేస్తుంది. పాలు కాచినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

విశేషమేమంటే, పాలను పులియబెట్టే సూక్ష్మజీవులే కొన్ని అటువంటి మందును తయారుచేస్తాయి. లాక్టోకాకస్ లాక్టిస్ అనే జీవిలో కొన్ని రకాలు ఇతర సూక్ష్మజీవులను అణచే పదార్థాన్ని విడుస్తాయని 1928లో గమనించారు. 1947లో దానికి నైసిన్ అని పేరు పెట్టారు. జున్ను వంటి ఆహారాలు చెడకుండా దీనిని వాడుతున్నారు.

నైసిన్ 34 పూసల దండ వంటిది. పూసలంటే అమైనో ఆమ్లాలు. ఏ పూస తరువాత ఏది గుచ్చాలో తెలిపే చీటీ ఆ జీవి జన్యువులో ఉంటుంది. పగ సూక్ష్మజీవి తన గోడ కట్టుకొనే ఇటుకను నైసిన్ పట్టుకొని, దాని పొరకు రంధ్రాలు పొడుస్తుంది.

చీటీలో ఒక మాట మారిస్తే దండలో ఒక పూస మారుతుంది. ఐర్లండులోని కార్క్ శాస్త్రజ్ఞులు ఇలాగే జన్యువును మార్చి, సూక్ష్మజీవుల చేతనే కొత్తరకం నైసిన్‌లు చేయించారు. వారి ఫలితాలు 2008లో వెలువడ్డాయి. దండ నడుమ కీలు వంటి చోట, 21వ స్థానంలో మెథియోనిన్ బదులు వేలిన్ చేర్చగా నైసిన్-వి వచ్చింది. స్టెఫిలోకాకస్ ఆరియస్ మీద అది పాతదానికంటే గట్టిగా పనిచేసింది. పొదుగువాపు తెచ్చే ముఖ్యమైన క్రిములలో అదొకటి. వాటిలో చాలా వాటికి పెన్సిలిన్ లొంగదు. కనుకనే ఈ వెదుకులాట.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. పొదుగువాపు తెచ్చే మరో క్రిమి ఇ. కోలైకి వెలుపల అదనంగా ఒక పొర ఉంటుంది. నైసిన్ మామూలుగా దానిని దాటలేదు. పైగా ఏ మందునైనా ఇష్టం వచ్చినట్లు వాడితే క్రిములు దానికి అలవాటుపడతాయి. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. ఉన్న మందును పాడుచేసుకోవడానికి అంతకాలం పట్టదు.

సభ్యులు గుర్తుంచుకోవలసినవి:

1. పితికే ముందు చేతులు, పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడవాలి.

2. మొదటి ధారలు నల్లగుడ్డ కట్టిన గిన్నెలో పిండి చూడాలి. తరకలు కనిపిస్తే పశువైద్యునికి చూపాలి.

3. ఆయన చెప్పినన్ని రోజులూ మందు పూర్తిగా వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో మానరాదు.

4. గడువు తీరేవరకు ఆ పశువు పాలు సంఘానికి పోయరాదు. ఒక్క ఇంటి పాలు డబ్బాలో కలిస్తే ఊరందరి పాలూ చెడతాయి.